నాలుగొందల గుర్రాలు, ఒక్క కిర్రు

ఆ ఆదివారం పొద్దున చెవులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు బయటికి తీయాలి, వీధి చివర బంకులో టైర్లకు గాలి పట్టించాలి, భార్య కాఫీ కప్పు కడిగి బోర్లించేలోపు ఇంటికి వచ్చేయాలి. అంతే.

చెవులాయన అన్నది చుట్టుపక్కలవాళ్ళు పెట్టిన పేరు. ఆయన పని వినికిడి పరీక్షలు చేయడం. బయటి శబ్దం చొరబడని చిన్న గదిలో జనాన్ని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దం ఇవతల నుంచి సన్నసన్నటి కూతలు వినిపించి, "వినిపిస్తే మీట నొక్కండి" అంటాడు. ఇరవై ఏళ్ళుగా అలా గుసగుసల మధ్య బతికిన మనిషికి, తనకంటూ గట్టిగా అరిచే వస్తువు ఒక్కటైనా ఉండాలనిపించడంలో తప్పేమీ లేదు. అలా వచ్చింది ఆ కారు. ముదురు నీలం రంగు, రెండే తలుపులు, నాలుగొందల గుర్రాల బలం. స్టార్ట్ చేస్తే పక్కింటి కిటికీ అద్దాలు కూడా నిద్రలేచేవి.

కొన్నది సెకండ్ హ్యాండులోనే. తాళాలు చేతిలో పెడుతున్నప్పుడు పాత యజమాని మొహంలో, రోజంతా బిగుతు బూట్లతో తిరిగి ఇంటికొచ్చి విప్పినవాడి హాయి కనిపించింది. ఆ హాయి ఏమిటో చెవులాయనకు కొన్ని నెలలు పోయాక అర్థమైంది. కారు ధర వేరు, దాన్ని బతికించుకునే ధర వేరు. దానికి మామూలు పెట్రోలు పడదు. ఖరీదైనదే తాగుతుంది, అదీ ఎడారి దాటి వచ్చినట్టు తాగుతుంది. దాని ఇంజనాయిలు డబ్బా చూస్తే అటకమీద కాదు, బీరువాలో దాచుకోవాలనిపిస్తుంది. మొదటి సర్వీసు బిల్లు చేతికి రాగానే, "ఇదెవరిదో పొరపాటున నాకిచ్చారండీ" అని ఆయన వెనక్కి ఇచ్చేశాడు. పొరపాటేమీ లేదు. ఆయనదే.

ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. కారు కొంటానన్నప్పుడు ఆవిడ అడ్డు చెప్పలేదు. "సరదా పడుతున్నారు, కొనుక్కోండి. కానీ ఏ ఏడాది దీని ఖర్చు నా జీతం దాటుతుందో ఆ ఏడాది దీన్ని అమ్మేయాలి. మాటేనా?" అంది. "మాటే" అన్నాడు ఆయన ధీమాగా. ఒక కారు ఒక టీచరమ్మ జీతాన్ని తినేయగలదని అప్పటికి ఆయన ఊహకు అందలేదు.

బంకులో గాలి పట్టే మనిషి వంగి చూసి, "సార్, టైర్లు లోపలివైపు బాగా అరిగిపోయాయి. బయటికి కనపడట్లేదంతే" అన్నాడు. రోడ్డుకు అవతలే టైర్ల షాపు. చెవులాయన కారు అటు తిప్పాడు. షాపాయన టైరు కొలతలు చూసి, కారును ఒకసారి, చెవులాయనను ఒకసారి జాలిగా చూసి, ధర చెప్పాడు.

"కాస్త ఎక్కువే. అయినా నాలుగింటికీ కలిపి కదా, పర్లేదు," అన్నాడు చెవులాయన.

"అది ఒక్కదానికి సార్."

"అయితే ఒక్కటే మార్చండి. మిగతావి తర్వాత చూద్దాం."

"ఈ బండికి అలా కుదరదు సార్. నాలుగూ ఒకేసారి మార్చాలి. లేదంటే గేరుబాక్సు పాడవుతుంది."

"టైర్లకూ గేరుబాక్సుకూ ఏం సంబంధం?"

"ఈ బండిలో అన్నీ అన్నిటికీ చుట్టాలే సార్," అన్నాడు షాపాయన.

ఆలోచించుకుని వస్తానని చెప్పి చెవులాయన ఇంటి దారి పట్టాడు. వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఉంది. కారు పొట్ట దానికి తగులుతుందేమోనని ఊపిరి బిగబట్టి, నత్తలా ఎక్కించి దించాడు. సరిగ్గా అప్పుడు వినిపించింది.

కిర్ర్.

ఆయన కారు ఆపి చెవులు రిక్కించాడు. ఏమీ లేదు. ముందుకు పోనిచ్చాడు. రోడ్డు మీద చిన్న గుంట. కిర్ర్. పొడిగా, రాయి మీద రాయి రుద్దినట్టుంది. ఇరవై ఏళ్ళు చెవులతోనే అన్నం తిన్న మనిషికి తన కారులో తనకు తెలియని శబ్దం వినిపిస్తే ఇక నిద్ర పడుతుందా? భయం కన్నా ముందు కుతూహలం పుట్టింది. ఎక్కడిది? చక్రంలోనా, తలుపులోనా, సీటు కిందా?

ఇంటికెళ్ళి భార్యను బతిమాలి కారెక్కించుకుని, అదే స్పీడ్ బ్రేకర్ మీద ముందుకూ వెనక్కూ తిప్పాడు.

"విన్నావా?"

"ఏం వినాలి?"

"ఇదిగో, ఇప్పుడు! కిర్రుమంది చూడు!"

"నాకేం వినపడలేదండీ."

చెవులాయన భార్య వైపు వృత్తిపరమైన ఆందోళనతో చూశాడు. ఇంత స్పష్టమైన శబ్దం పక్కనే కూర్చున్న మనిషికి వినపడకపోతే దోషం శబ్దానిదా, చెవిదా? కారు నేరుగా క్లినిక్కుకి పోనిచ్చి, వద్దు మొర్రో అంటున్నా ఆవిడను పరీక్ష గదిలో కూర్చోబెట్టి, రెండు చెవులూ పరీక్షించాడు. ఆవిడ చెవులు బంగారంలా ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆయన చెవులకన్నా బాగున్నాయి.

"పెళ్ళయినప్పట్నుంచీ నేను చెప్పేవి ఒక్కటీ మీకు వినపడవు," అంది ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంటూ. "ఇవాళ లేనివి వినపడుతున్నాయా? పరీక్ష ఎవరికి చేయాలో కాస్త ఆలోచించండి."

ఆలోచించే తీరిక ఆయనకు లేదు. సోమవారం పొద్దున్నే కారును సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాడు.

అక్కడి మేనేజరు మర్యాద మూర్తీభవించిన మనిషి. బూట్లు నిగనిగలాడుతుంటాయి. ధర ఎంత పెద్దదైతే గొంతు అంత మెత్తగా వస్తుంది. చెవులాయన చెప్పిందంతా విని, తనే స్టీరింగు పట్టుకుని, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. మేనేజరు కాలు నొక్కినప్పుడల్లా నాలుగొందల గుర్రాలూ ఒక్కసారిగా కదం తొక్కాయి. ఎంత పెట్రోలు పోతోందో అనుకుంటూ చెవులాయన సీటుకు అతుక్కుపోయాడు.

"ఇదిగో, ఇదే!"

"నాకేం వినపడలేదు సార్."

"రెండు వేల హెర్ట్‌జ్ ప్రాంతంలో ఉంది. చాలా పొట్టి శబ్దం. మొదట్లో గట్టిగా ఉండి టక్కున ఆగిపోతోంది."

మేనేజరు కారు పక్కకు తీసి ఆపాడు. "తమరేం చేస్తుంటారు సార్?"

చెవులాయన చెప్పాడు. మేనేజరు కళ్ళలో భక్తి కనిపించింది.

"అయితే ఇంక మాట్లాడేదేముంది సార్! తమరు విన్నారంటే ఉన్నట్టే. అది దొరికేదాకా మేం నిద్రపోం."

అన్నట్టే నిద్రపోలేదు. సోమవారం సాయంత్రమే ఫోను. చక్రాలన్నీ విప్పామనీ, శబ్దం అక్కడ లేదనీ, కానీ బ్రేకులు చూసి తమ మనసులకు చాలా కష్టమేసిందనీ మేనేజరు చెప్పాడు. బ్రేకుల ధర చెప్పినప్పుడు ఆయన గొంతు పట్టులా ఉంది. మంగళవారం ఫోనులో, చక్రాల పైనుండే స్ప్రింగులు కూడా అనుమానంగా ఉన్నాయన్నాడు. అవి మామూలు స్ప్రింగులు కావట. రోడ్డును బట్టి వాటంతటవే బిగుసుకుంటాయట. చెవులాయన కూడా బిగుసుకున్నాడు.

కారు లేకపోవడంతో బుధవారం ఆయన బస్సెక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. నాలుగు స్టాపులు హాయిగా సాగిపోయాక మళ్ళీ ఫోను మోగింది.

"సార్, ఇంజను దించుతున్నాం," అన్నాడు మేనేజరు.

"ఇంజనా? ఎందుకు?"

"దాని వెనకాల ఒక చిన్న రబ్బరు ముక్క ఉంటుంది సార్. దాన్ని చూడాలి."

"ఆ ముక్క చాలా ఖరీదా?"

"అబ్బే, అది చాలా చవక సార్."

చెవులాయన ఊపిరి పీల్చుకున్నాడు.

"దాని దాకా వెళ్ళడమే కాస్త..." అని మేనేజరు అతి మెత్తగా ఒక అంకె చెప్పాడు.

కిర్ర్!

చెవులాయన ఉలిక్కిపడ్డాడు. అదే శబ్దం. అదే రెండు వేల హెర్ట్‌జ్. కారేమో సర్వీసు సెంటరులో కాళ్ళు చేతులు విరిచి పడేసినట్టుంది. శబ్దం బస్సులోకి ఎలా వచ్చింది? వంగి సీటు కింద చూశాడు. కిటికీ అద్దం కదిపాడు. ఇంజను దించడానికి అయ్యే ఖర్చు గుర్తొచ్చిన ప్రతిసారీ బస్సు కిర్రుమంటూనే ఉంది. ఇక ఆగలేక లేచి డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, మీ బస్సు కింద ఏదో అరిగిపోయింది. ఈ శబ్దం నాకు బాగా తెలుసు. చాలా ప్రమాదం."

"నా బండి చప్పుడు నాకు తెలీదా? వెళ్ళి కూర్చోండి సార్."

"నేను చెవుల నిపుణుణ్ణి!"

ఆ మాట బస్సంతా వినపడింది. మొదటి వరసలో ఒకావిడ, "అవును, నాకూ ఏదో కిర్రుమన్నట్టే ఉంది" అంది. వెనక నుంచి ఒకాయన తనకు వారం రోజులుగా వినపడుతోందన్నాడు. ఇంకొకాయన కాలిన వాసన కూడా వస్తోందన్నాడు. "ఆపండి, ఆపండి" అని అందరూ అందుకున్నారు. డ్రైవరు విసుక్కుంటూ బస్సు పక్కకు తీసి, అందర్నీ దించేసి, కింద దూరాడు. జనమంతా రోడ్డు వారన నిలబడి, ఎవరికి ఏ శబ్దం వినిపించిందో ఒకరికొకరు అనుకరించి చూపించుకుంటున్నారు.

ఆ గుంపులోంచి ఒక పెద్దాయన చెవులాయన చెయ్యి పట్టుకున్నాడు. చెవిలో ఎప్పుడూ ఏదో మోగుతోందని చాలా రోజులుగా క్లినిక్కుకి వస్తున్న మనిషి. ఆ పొద్దున ఆయనకే పరీక్ష పెట్టాల్సింది.

"బాబూ, నీకూ వినిపించిందా? ఇన్నాళ్ళూ నా చెవిలో రోగం అనుకున్నాను. మా ఇంటి ముందు నుంచి పోయేది ఈ బస్సే! దీని చప్పుడేనన్నమాట. నా దిగులు తీర్చావు. ఇక నాకు పరీక్ష వద్దు."

ఆగమని చెవులాయన అనేలోపే పెద్దాయన హుషారుగా ఇంటివైపు నడిచి వెళ్ళిపోయాడు. బస్సు కింద డ్రైవరుకు ఏమీ దొరకలేదు. అయినా ఎక్కడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చెవులాయన మిగతా దారంతా నడిచే క్లినిక్కు చేరాడు.

పెద్దాయన రాకపోవడంతో కొంచెం తీరిక చిక్కింది. బుర్ర వేడెక్కి ఉంది. కాసేపు నిశ్శబ్దంగా ఉందామని చెవులాయన పరీక్ష గదిలోకి వెళ్ళి, బరువైన తలుపు మూసి, రోగుల కుర్చీలో కూర్చున్నాడు. ఆ గదిని దగ్గరుండి కట్టించింది ఆయనే. బయట పిడుగు పడ్డా లోపలికి రాదు. జేబులో ఫోను వణికింది. మేనేజరు ఫొటో పంపాడు. గొలుసులకు వేలాడుతున్న ఇంజను, దాని పక్కన బొటనవేలు పైకెత్తి నవ్వుతున్న నలుగురు మెకానిక్కులు.

కిర్ర్.

చెవులాయన కొయ్యబారిపోయాడు. ఈ గదిలో చక్రాల్లేవు. స్ప్రింగుల్లేవు. బస్సు లేదు. ఉన్నది ఒక కుర్చీ, ఒక మనిషి. కుర్చీలోంచి లేచి నిలబడి మళ్ళీ ఫొటో చూశాడు. కిర్ర్. కుర్చీ కాదు.

ఎదురుగా అద్దంలో తన నీడ కనిపించింది. ఇంజను వైపు చూస్తున్న ఆ మనిషి దవడ, పక్కకు జరిగి బిగుసుకుని ఉంది.

ఆయన వేలు దవడ మీద పెట్టుకుని, అచ్చం రోగికి చేసినట్టే తనకు తాను పరీక్ష మొదలుపెట్టాడు. ముందు నిన్న సాయంత్రం చూసిన ఆకాశాన్ని తలుచుకున్నాడు. శబ్దం లేదు. భార్యను తలుచుకున్నాడు. లేదు. ఇంజనాయిలు తలుచుకున్నాడు. సన్నగా కిర్రుమంది. టైర్లు, మధ్యస్థంగా. బ్రేకులు, గట్టిగా. ఇంజను దించడం అనుకునేసరికి బుగ్గ ఎముక అదిరింది. ఇంత శుభ్రంగా, ఇంత క్రమంగా ఫలితాలిచ్చిన పరీక్ష ఆయన వృత్తి జీవితంలో ఇంకొకటి లేదు. ఒక్క క్షణం నిజంగానే ముచ్చటపడ్డాడు. ఆ తర్వాత బస్సు కింద దూరిన డ్రైవరు గుర్తొచ్చి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

పై అంతస్తులోనే పళ్ళ డాక్టరమ్మ ఉంది. ఆవిడ నోట్లో లైటు వేసి చూసి, "లోపలివైపు బాగా అరిగిపోయాయి. బయటికి కనపడట్లేదంతే" అంది. ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాడు చెవులాయన.

"నాలుగు పళ్ళకు తొడుగులు వేయాలి. రాత్రింబవళ్ళు పళ్ళు కొరుకుతున్నట్టున్నారు. ఏమైనా దిగులుందా?"

"కారుంది."

"ఓహో," అంది డాక్టరమ్మ, పూర్తిగా అర్థమైనట్టు.

"ముందు ఒక్క పన్నుకు వేసి చూడకూడదా?"

"ఒక్కదానికే వేస్తే ఎత్తుపల్లాలొస్తాయి. నాలుగూ ఒకేసారి వేయించుకోవాలి," అని ఆవిడ ధర చెప్పింది. వెంటనే తల పక్కకు వంచి, "ఇదిగో, ఇప్పుడు నాకు కూడా వినిపించింది" అంది.

తొడుగులు తయారయ్యేదాకా పళ్ళ మధ్య పెట్టుకోమని ఆవిడ మెత్తటి పట్టీ ఒకటి ఇచ్చింది. అది పెట్టుకుంటే శబ్దం రాదు. మాటా సరిగ్గా రాదు.

ఆ సాయంత్రం ఆయన పట్టీ తీసి పక్కన పెట్టి, భార్యకు జరిగినదంతా దాచకుండా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. దగ్గరికొచ్చి ఆయన దవడ మీద వేలు పెట్టి, "ఏదీ, గేరుబాక్సు అనండి" అంది. ఆయన అన్నాడు. ఆవిడ వేలి కింద కిర్రుమంది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ సోఫాలో కూలబడింది. ఆయనకూ నవ్వాగలేదు.

కాసేపటికి ఆవిడ, "ఇంతకీ నా జీతం దాటిందా?" అని అడిగింది.

"ఇంజను దించకముందే దాటింది."

ఆవిడ పక్కనున్న పట్టీని చేతిలోకి తీసుకుని చూసింది. "చూడండి, ఆ షరతు ఏదో అప్పుడు అన్నాను. మీకంత ఇష్టమైతే ఉంచుకోండి. ఎలాగోలా సర్దుకుందాం."

చెవులాయన తల అడ్డంగా ఊపాడు. "గట్టిగా అరిచే వస్తువు ఒకటి ఉండాలని కొన్నాను. దాన్ని నడుపుతుంటే దాని చప్పుడు విని ఎన్నాళ్ళయిందో తెలుసా? నా పళ్ళ చప్పుడే వింటున్నాను. అమ్మేద్దాం."

శనివారం పట్టీ పెట్టుకుని సర్వీసు సెంటరుకు వెళ్ళేసరికి మేనేజరు ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "దొరికింది సార్! తమరన్న శబ్దం దొరికింది! ఆ రబ్బరు ముక్క చిట్లి ఉంది చూడండి. ఎంత చెవి సార్ మీది!" అంటూ బఠాణీ గింజంత ముక్కను అరచేతిలో పెట్టి చూపించాడు. వెనక నలుగురు మెకానిక్కులూ చప్పట్లు కొట్టారు. కళ్ళ కింద చారలు చూస్తే పాపం వాళ్ళు నిజంగానే నిద్రపోయినట్టు లేరు. చెవులాయన నిజం చెబుదామని నోరు తెరిచాడు. పట్టీ మూలంగా "అలి నా వల్లు" అని మాత్రం వచ్చింది. ఆనందంతో మాట తడబడుతోందనుకుని మేనేజరు ఆయన భుజం తట్టాడు.

కారు ఎక్కి ఒక చుట్టు తిరిగారు. శబ్దం లేదు. మేనేజరు విజయగర్వంతో చూశాడు. చెవులాయన పట్టీ తీసి రుమాల్లో చుట్టుకుని, "చాలా బాగుందండీ. దీన్ని అమ్మేస్తున్నాను" అన్నాడు.

మేనేజరు డాష్‌బోర్డును అరచేత్తో ఒకసారి నిమిరాడు. తర్వాత, ధరలు చెప్పే మెత్తటి గొంతుతో కాక మామూలు గొంతుతో, "నాకిస్తారా సార్?" అన్నాడు. "ఇన్నేళ్ళుగా ఇలాంటి బళ్ళు తుడిచి తుడిచి ఎవరెవరికో తాళాలిస్తున్నాను. ఒక్కటైనా నాదనిపించుకోవాలని ఉంది."

"దీనికి అయ్యే ఖర్చు..." అన్నాడు చెవులాయన ఇబ్బందిగా.

"భలేవారే! ఆ ఖర్చు జనానికి చెప్పేదే నేను కదా సార్! పైగా మాకు స్టాఫ్ రాయితీ ఉంటుంది. సగానికి సగం."

బేరం కుదిరింది. వారం తిరక్కుండానే కాగితాలూ పూర్తయ్యాయి. కొత్త యజమాని పాత యజమానిని క్లినిక్కు దాకా దింపుతానని ముచ్చటపడి, పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఇంజను గర్జించింది. చాలా కాలానికి ఆ గర్జన చెవులాయనకు మొదటినుంచీ చివరిదాకా, ఏ అడ్డూ లేకుండా వినిపించింది. హాయిగా వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

దారిలో మేనేజరుకు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. స్పీకరులోంచి ఒకమ్మాయి గొంతు చాలా మెత్తగా పలికింది. "సార్, మీరడిగింది కనుక్కున్నాను. స్టాఫ్ రాయితీ ఈ మోడల్‌కు వర్తించదట."

మేనేజరు ఫోను పెట్టేశాడు. కారు నెమ్మదించింది. ముందు స్పీడ్ బ్రేకరు కనిపించగానే ఆయన భుజాలు బిగుసుకున్నాయి. నత్తలా ఎక్కించి దించాడు. ఉన్నట్టుండి తల పక్కకు వంచి చెవి రిక్కించాడు.

"సార్... ఏదో కిర్రుమన్నట్టు లేదూ?"

చెవులాయన కళ్ళు తెరిచాడు. ఆయనకు ఏమీ వినిపించలేదు. కానీ మేనేజరు దవడ వైపు ఒకసారి చూస్తే సరిపోయింది. జేబులోంచి పళ్ళ డాక్టరమ్మ విజిటింగ్ కార్డు తీసి స్టీరింగు ముందు పెట్టాడు.

"ఇక్కడ చూపించండి," అన్నాడు. "మీ సర్వీసు సెంటరు కన్నా చవక."